వరదలో మునిగిన టీవీ, దాన్ని బతికించిన మెకానిక్

ఒకప్పుడు ఇంటికో డాక్టరు ఉన్నట్టే టీవీకో మెకానిక్ ఉండేవాడు. టీవీ కొన్న వారానికే ఆయన షాపు ఎక్కడో తెలుసుకుని పెట్టుకునేవాళ్లం. ఆ రిపేరు చరిత్ర కూడా మన ఇళ్ల చరిత్రే అనిపిస్తుంది నాకు.

మన దేశంలో టీవీ ప్రసారాలు 1959లో ఢిల్లీలో మొదలయ్యాయి. మన పల్లెలకు అది వచ్చింది 1975లో. ఆ ఆగస్టు నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం చేశారు. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ సెట్లు హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. పల్లెలో పెట్టిన టీవీ పాడైతే బాగుచేసే ఏర్పాటు కూడా అప్పుడే చేయాల్సి వచ్చింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1982 ఆసియా క్రీడలతో రంగులు వచ్చాయి. 1987లో రామాయణం సీరియల్‌తో వీధివీధికీ టీవీ చేరింది. దాని వెనకే వీధికో రిపేరు షాపూ వెలిసింది.

ఆ షాపుల విలువ నాకు తెలిసింది 2009 అక్టోబరులో, కర్నూలు వరదలప్పుడు. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 అడుగుల పైకి వెళ్లింది. మా ఇంట్లో కిటికీల పైదాకా నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక వచ్చి చూస్తే బియ్యం, పరుపులు, ఫొటో ఆల్బమ్‌లు అన్నీ బురద ముద్ద. మామగారు 1994లో పీఎఫ్ లోను పెట్టి కొన్న కలర్ టీవీ బోర్లా పడి ఉంది. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. ఆయన ఫొటోలు కూడా పోయాయి.

"బియ్యం మళ్లీ కొనుక్కోవచ్చు. దీన్ని మాత్రం పారేయొద్దమ్మా" అన్నారు అత్తగారు.

మా మెకానిక్ షాపూ మునిగింది. ఆయన వరండాలో బల్ల వేసుకుని పని మొదలుపెట్టాడు. వస్తూనే అడిగిన మొదటి మాట, "స్విచ్ వేయలేదు కదమ్మా?" అని. వేయలేదన్నాం. "అయితే బతికినట్టే" అన్నాడు.

తడిసినందువల్ల కాదట, తడి మీద కరెంటు పారితేనే అసలు నష్టమట. ముందు పిక్చర్ ట్యూబులో నిలిచిన కరెంటు తీసేశాడు. ప్లగ్గు పీకేసినా అందులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు, అందుకే వెనక మూత మనం తీయకూడదు. తర్వాత బోర్డు ఊడదీసి మంచినీళ్లతో, మెత్తని బ్రష్షుతో కడిగాడు. బురద ఆరితే అందులోని ఉప్పు రాగిని తినేస్తుందట. ఆపైన స్పిరిట్‌తో తుడిచి, రోజుల తరబడి గాలికి ఆరబెట్టాడు. అట్ట కోను నానిపోయిన స్పీకరు, ఎక్కువ వోల్టేజి పుట్టించే ఎల్‌ఓటీ, కొన్ని కెపాసిటర్లు మార్చాడు. అన్నిటికంటే ఖరీదైన పిక్చర్ ట్యూబు మాత్రం చెక్కుచెదరలేదు. అది గాలి కూడా లేకుండా మూసేసిన గాజు బుడ్డి. లోపలికి నీరు వెళ్లే దారే లేదు.

మూడు వారాలకు టీవీ ఇంటికొచ్చింది. బొమ్మ రాగానే అత్తగారు ఏమీ అనలేదు. కొంగుతో ఒకసారి పైన తుడిచి, మామగారు కూర్చునే వైపు కుర్చీ జరిపి కూర్చున్నారు. అది ఇంకో నాలుగేళ్లు నడిచింది.

పోయినేడు మా ఎల్‌ఈడీ టీవీలోకి గోడ వెంబడి వాన నీళ్లు దిగాయి. పల్చటి ప్యానెల్ పొరల మధ్యకు నీరు చేరితే కడగడానికీ, ఆరబెట్టడానికీ వీలుండదట. ప్యానెల్ మార్చాలంటే కొత్త టీవీ ధరకు దగ్గరగా చెప్పారు. పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. కొత్తవి తేలికగా ఉంటాయి, కరెంటు తక్కువ తాగుతాయి, బొమ్మ బాగుంటుంది. పాత గాజులో సీసం ఉంటుంది కాబట్టి అవే మేలని కూడా అనను. కానీ పోయిన వస్తువును విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్లీ మన చేతికిచ్చే మనిషి వీధిలో లేకపోవడం మాత్రం నాకు లోటుగానే ఉంది.

మా మెకానిక్ షాపులో ఇప్పుడు ఆయన కొడుకు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. టంకం వేసే ఆ పాత బల్ల మాత్రం ఇంకా మూలన ఉంది. మిక్సీ పాడైతే నేను అక్కడికే తీసుకెళ్తాను. పెద్దాయన లోపలి నుంచి వచ్చి కళ్లజోడు సర్దుకుంటూ, ఇప్పటికీ మొదట అదే అడుగుతాడు, "స్విచ్ వేయలేదు కదమ్మా?" అని.