ఫ్రెషర్‌కి ‘ఎక్స్’ అని కోడ్ ఇచ్చిన రోజులు

ఏ జాబ్ యాప్ తెరిచినా ఒక లైన్ కనపడుతుంది చూశారా, “కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి” అని. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది! పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టుంటుంది. ఈ చిక్కు విప్పడానికి మన ప్రభుత్వం ఒకప్పుడు జిల్లా జిల్లాకీ ఒక ఆఫీసు పెట్టింది, చట్టం కూడా చేసింది. అదే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్. ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

విచిత్రం ఏంటంటే, అది మొదట పుట్టింది ఫ్రెషర్ల కోసం కాదు. 1945లో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొస్తున్న సైనికుల కోసం పెట్టారు. వాళ్లకి అనుభవం బోలెడుంది, కానీ అది యుద్ధం చేసిన అనుభవం. ఊళ్లో దానికి జీతం ఎవరిస్తారు? ఆ తర్వాత దేశ విభజనలో అన్నీ వదిలేసి వచ్చినవాళ్లకి కూడా ఈ ఆఫీసులే దిక్కయ్యాయి. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. 1956 నవంబర్ 1న వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది. అవును, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం. ఎక్స్ఛేంజ్‌లో పేరు రాయించుకున్న ప్రతి మనిషికీ చేసే పనిని బట్టి ఒక కోడ్ ఉండేది. వడ్రంగికి ఒక నంబరు, టైపిస్టుకి ఒక నంబరు. మరి ఏ పనీ చేయనివాడికి? 1968 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణ తీసి చూడండి. అంకెలన్నీ అయిపోయాక చివర్లో ‘ఎక్స్’ అని ఒక విభాగం ఉంటుంది. ఏ వృత్తి కిందా చేర్చలేనివాళ్లంతా అందులోనే. దాని మొదటి గడి ‘ఎక్స్ 0’. అంటే పని కోసం చూస్తున్న కొత్తవాళ్లు. లెక్కల్లో తెలియనిదాన్ని ఎక్స్ అనుకుంటాం కదా, అచ్చం అలాగే!

ఇక చట్టం సంగతి. 1959లో చేశారు, 1960 మే 1 నుంచి అమల్లోకొచ్చింది. ప్రభుత్వ సంస్థలు, 25 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలుంటే ఎక్స్ఛేంజ్‌కి చెప్పి తీరాల్సి ఉండేది. చెప్పకపోతే మొదటి తప్పుకి 500 రూపాయల దాకా జరిమానా ఉండేది. వినడానికి బాగుంది కదా? నాలుగో సెక్షన్ దాకా చదవండి. ఖాళీ ఉందని చెప్పాలి గానీ, ఎక్స్ఛేంజ్ పంపినవాళ్లనే తీసుకోవాలని అందులో లేకపోయింది. పైగా ప్యూను, వాచ్‌మన్, స్వీపర్ లాంటి పనులకి చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. అనుభవం లేకపోయినా దొరికే అవకాశమున్నవి అవే!

1961లో వచ్చిన అప్రెంటిస్ చట్టమూ అంతే. ఫ్యాక్టరీలో పని నేర్పించాలంది. నేర్చుకున్నాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం యజమానికి లేదంది.

అయినా జనం కార్డు కోసం క్యూ కట్టారు. ఎందుకంటే ప్రభుత్వ ఉద్యోగాలకి అక్కడి నుంచే పేర్లు వెళ్లేవి, అదీ సీనియారిటీ ప్రకారం. అనుభవం లేకపోయినా ఫర్వాలేదు, ఎన్నేళ్లు ఎదురుచూశావన్నదే లెక్క. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, తప్పితే సీనియారిటీ పోతుంది. మా పెదనాన్న రెన్యువల్ తేదీని గోడ మీద సుద్దతో రాసుకునేవాడట. పన్నెండేళ్లలో వచ్చినవి రెండే కాల్ లెటర్లు. రెండోది చూసి మా నానమ్మ “ఇప్పుడొచ్చి ఏం లాభం రా, వాడికి ఇద్దరు పిల్లలు” అందట.

ఈ క్యూ విలువ తగ్గిపోవడానికి కారణమైన కేసు మన కృష్ణా జిల్లాదే. ఎక్సైజ్ సూపరింటెండెంట్ ఒక పక్క, ఎక్స్ఛేంజ్ జాబితాలో పేరు లేనివాళ్లు మరో పక్క. 1996లో సుప్రీంకోర్టు తేల్చింది: ఎక్స్ఛేంజ్‌ని అడగండి, కానీ అక్కడితో ఆగొద్దు. పేపర్లో వేయండి, నోటీసు బోర్డులో పెట్టండి, రేడియోలో, టీవీలో చెప్పండి, వచ్చిన అందరినీ చూడండి.

తీర్పు న్యాయమైనదే అంటాను నేను. కార్డు లేనంత మాత్రాన అర్హత లేనట్టు కాదు కదా. కానీ పదేళ్లుగా లైన్లో నిలబడ్డవాడి సంగతేంటి? ఆ రోజు నుంచి అతని ఎదురుచూపుకి విలువ తగ్గింది, పోటీ పరీక్షకి పెరిగింది. కోచింగ్‌కి డబ్బున్నవాడికి అది మేలే. కార్డు తప్ప ఇంకేమీ లేనివాడికి మాత్రం ఉన్న ఒక్క ఆధారమూ సన్నబడింది.

2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ తెచ్చింది. క్యూ ఇప్పుడు ఫోన్లోకొచ్చింది. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే ఓసారి వెతకండి. కార్డు దొరికితే కోడ్ రాసిన చోట ఏముందో చూడండి.