స్క్రేప్: నేల మీద గుంట, నెత్తి మీద కొమ్మ

అక్టోబరు వచ్చిందంటే అమెరికా అడవుల్లో వేటగాళ్ల చూపంతా నేల మీదే. రాలిన ఆకుల మధ్య మూరెడు మేర చీపురుతో ఊడ్చినట్టు మన్ను తేలి, గిట్టల గీతలు కనిపిస్తే వాళ్ల పంట పండినట్టే. దాన్ని ‘స్క్రేప్’ అంటారు. తెల్లతోక మగ జింక ముందుకాళ్లతో ఆకులు చిమ్మేసి, వెనక కాళ్ల లోపలివైపు గ్రంథుల మీదుగా మూత్రం కారేలా పోసి, వాసన వదిలి వెళ్తుంది.

ఇది ఒక్క మగ జింక హద్దు గుర్తని, గీసిందే మళ్లీ వస్తుందని పాతతరం వేటగాళ్ల నమ్మకం. నిజానిజాలు తేల్చుకుందామంటే జింకలే కరువయ్యాయి. విచ్చలవిడి వేటతో 1900 నాటికి దేశం మొత్తమ్మీద 5 లక్షలే మిగిలాయని అంచనా. అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాలు దాటించకుండా ఆ ఏడాది వచ్చిన లేసీ చట్టం, తుపాకులు, తూటాల పన్నును వన్యప్రాణులకు మళ్లించిన 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం పరిస్థితిని మార్చాయి. మందలు మళ్లీ పెరిగాయి.

1970లలో జార్జియా విశ్వవిద్యాలయంలో లారీ మార్చింటన్, ఆయన శిష్యులు ఈ గుర్తులను వరసగా పరిశీలించారు. తర్వాత అక్కడివాళ్లే స్క్రేప్‌ల దగ్గర కెమెరాలు పెట్టారు. 2001లో అచ్చయిన ఆ ఫలితాలతో పాత నమ్మకం వీగిపోయింది. ఒకే స్క్రేప్‌కు ఎన్నో మగ జింకలు వస్తున్నాయి, అదీ ఎక్కువగా రాత్రిపూటే.

అసలు కిటుకు పైన ఉంది. దాదాపు ప్రతి స్క్రేప్ మీదా మనిషి ఛాతీకో, తలకో అందే ఎత్తులో ఒక కొమ్మ వాలి ఉంటుంది. జింక దాన్ని నాకుతుంది, నములుతుంది, నుదురూ కంటి మూలా రుద్దుతుంది.

అందుకే అనుభవజ్ఞులు ముందు అలాంటి కొమ్మల కోసం వెతుకుతారు: అడవి అంచున, పాత కలప దారుల్లో, గుట్టల వెన్ను మీద, జింకల బాటలు కలిసేచోట. నేల చదునుగా, కింద పొదలు లేకుండా ఉండాలి. పొలం పక్క స్క్రేప్‌కు జింక చీకటి పడ్డాకే వస్తుంది కనుక, అది పగలు పడుకునే పొదల వైపు వెళ్లే బాటలో, గాలివాటం చూసుకుని కాపు కాస్తారు. ఆడ జింకలు ఎదకు రాకముందు వారాలే అదును. ఎదకు వచ్చాక మగవి వాటి వెంటపడి స్క్రేప్‌లను పట్టించుకోవు.

సీసాల్లో అమ్మే జింక మూత్రం పోసి నకిలీ స్క్రేప్‌లు చేయడమూ ఉంది. జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి మూత్రం ద్వారా పాకుతుందన్న భయంతో వర్జీనియా, వెర్మాంట్ వంటి రాష్ట్రాలు సహజ మూత్రాన్ని నిషేధించాయి. దాంతో చాలామంది సీసా మానేసి, సరైన ఎత్తులో కొమ్మో, తాడుముక్కో కట్టి ఊరుకుంటున్నారు.