హడ్డీ ఇక్కడ, గోష్త్ అక్కడ

నేను ఐదో జమాత్‌లో ఉన్నప్పుడు మా ఇంట్లో నా నౌకరీ ఉత్తరాలు చదవడం. మామూ దమ్మామ్‌లో ఉండేవాడు. అబిడ్స్ జీపీఓ నుంచి బజార్‌ఘాట్‌లోని మా గల్లీకి ఉత్తరం వచ్చిందంటే నానీమా దస్తర్ఖాన్ కూడా ఎత్తకుండా నన్ను కూర్చోబెట్టేది. ఆమెకు ఖురాన్ చదవడం వచ్చు, ఉర్దూ చిట్ఠీ చదవడం రాదు. మామూ ఉత్తరంలో పని గురించి నాలుగు లైన్లు, జీతం గురించి రెండు లైన్లు. మిగతా పేజీ అంతా గోష్త్. ఇక్కడ గోష్త్‌కు కమీ లేదమ్మీ, ఒంటె ఉంది, గొర్రె ఉంది, ఏ దేశం నుంచో వచ్చిన ఆవు ఉంది, మన బడేకా మజా మాత్రం దేంట్లోనూ లేదు అని రాసేవాడు. అది విన్నప్పుడల్లా నానీమా కళ్లు తుడుచుకునేది. కొడుకు ఎండలో సరియాలు మోస్తున్నాడన్న లైను దగ్గర ఏడవని మనిషి, గోష్త్ లైను దగ్గర ఎందుకు ఏడుస్తుందో అప్పుడు నాకు సమఝ్ కాలేదు.

మొన్న ఆ మామూ కొడుకు రియాద్ నుంచి మెసేజ్ పెట్టాడు. "భాయీజాన్, ఇక్కడ కొత్త కమ్రాలో ఆరుగురం. వంట బారీలు వేసుకున్నాం. సస్తాలో మంచి బీఫ్ ఏది తీసుకోవాలె? ఫ్రీజర్‌లో ఇండియాదని ఒకటి ఉంది, తీసుకోనా వద్దా?" నలభై ఏళ్లలో సవాల్ మారలేదు. జవాబు రాద్దామని కూర్చుంటే అది ఒక మెసేజ్‌లో పట్టేది కాదని తేలింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట సంగతి. మా ఇళ్లలో బీఫ్ అనే లఫ్జ్ లేదు. ఛోటేకా, బడేకా, అంతే. చిన్న జానవర్ది, పెద్ద జానవర్ది. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వెళ్లాక మాల, మాదిగ దోస్తుల నోట 'పెద్దకూర' విన్నాను. మా బడేకాకు ఇంత ఖచ్చితమైన తర్జుమా ఎవరు చేశారా అని ఆశ్చర్యపోయాను. ఎవరూ చేయలేదు. రెండు మొహల్లాలు ఒకే జానవర్‌ని ఒకే లెక్కన చూశాయి. ఇంగ్లీషు బీఫ్‌లో ఆవు, ఎద్దు, బర్రె, దున్న అన్నీ కలిసిపోతాయి. హైదరాబాద్‌లో బడేకా అంటే ఎక్కువగా బర్రె, దున్న. ఈ ఫర్ఖ్ తెలియకపోతే మిగతా కహానీ ఏదీ అర్థం కాదు.

ఇది వట్టి అలవాటు కాదు, కానూన్ కూడా. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం తెచ్చింది. ఆవును, ఆవు దూడను, బర్రె దూడను కోయకూడదు. ఎద్దునూ బర్రెనూ కోయాలంటే అది ఇక పాలకు, దుక్కికి, ఈతకు పనికిరాదని సర్టిఫికెట్ కావాలి. అంటే మన ఖసాయి దుకాణంలో వేలాడే గోష్త్, జిందగీ అంతా ఎవరి పొలంలోనో, ఎవరి పాలకేంద్రానికో చాకిరీ చేసి రిటైరైన జానవర్ది. గట్టిగా, ముదురుగా ఉంటుంది. మా అమ్మీల వంట ఆ గట్టిదనం చుట్టూనే పుట్టింది. పచ్చి బొప్పాయి రుద్దడం, టమాటాలో, పెరుగులో నానబెట్టడం, రాత్రంతా సన్నని సెగ మీద ఉంచడం, కుక్కర్ వచ్చాక ఏడెనిమిది సీటీలు. లేత జానవర్ తినే దేశాలకు ఇదంతా అక్కర్లేదు. వాళ్లు పెనం మీద అటోసారి ఇటోసారి తిప్పి తినేస్తారు.

బడేకా తారీఖ్ అడిగితే హైదరాబాద్‌లో ఎవరైనా కల్యాణీ బిర్యానీ దగ్గర మొదలుపెడతారు. కల్యాణీ అంటే బీదర్ దగ్గరి కల్యాణి, ఇప్పటి బసవకల్యాణ్. అక్కడి జాగీర్దార్లయిన కల్యాణీ నవాబులు హైదరాబాద్‌లో దేవ్‌డీ కట్టుకున్నారు. ఆ ఖాన్‌దాన్‌లోని గజన్‌ఫర్ జంగ్ మూడో ఆసఫ్ జా కూతుర్ని 1802లో నికా చేసుకున్నాడు. జాగీరు నుంచి ఏ పని మీద ఎవరొచ్చినా దేవ్‌డీలో భోజనం పెట్టి పంపేవాళ్లని, ఆ మెహమాన్‌దారీలో వండిందే ఈ బిర్యానీ అని చెప్పుకుంటారు. చిన్న చిన్న ముక్కలు, బోలెడు టమాటా, జీరా, ధనియా. జాఫ్రాన్ లేదు, బాదాం లేదు. 1948లో రియాసత్ పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేవ్‌డీ చూల్హా ఆరిపోయాక అక్కడి వంటవాళ్లు మురాద్‌నగర్‌లో దుకాణం తెరిచారని రివాయత్. నవాబు దస్తర్ఖాన్ మీదిది రిక్షావాలా ప్లేట్‌లోకి వచ్చింది. ఈ కథలో ఎంత హఖీఖత్, ఎంత అఫ్సానా అని తూచే తరాజు నా దగ్గర లేదు గానీ, నాకు కథ కంటే ఆ ప్లేటే ముఖ్యం. 'గరీబోంకీ బిర్యానీ' అన్న పేరు దానికి ఊరికే రాలేదు. మటన్ కిలో కొనే పైసల్లో బడేకా రెండు మూడు కిలోలు వస్తుంది. రాంనాస్‌పురా కమేళా నుంచి గోష్త్ మొహల్లాలకు వస్తుంటే, జియాగూడ మేకలు, గొర్రెలు పెద్ద హోటళ్లకు పోతాయి. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు జీఐ ముద్ర దొరికినప్పుడు దాని షరతుల్లో రాసింది మేక మాంసమే. రమ్జాన్‌లో సగం నగరం నాకే బడేకా హలీమ్‌కు ఏ ముద్రా లేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టి కల్యాణీ బిర్యానీ వడ్డిస్తే ఎంత రభస జరిగిందో అందరికీ తెలుసు. హాస్టల్ మెస్‌లో మా తిండి ఎందుకు ఉండదు అన్నదే వాళ్ల సవాల్. చాలా సీదా సవాల్.

సరే, పర్దేస్ సంగతికి వద్దాం. హైదరాబాద్ ముసల్మాన్లు ముల్క్ దాటడం రెండు లహర్లలో జరిగింది. పోలీస్ యాక్షన్ తర్వాత కొందరు కరాచీ చేరి హైదరాబాద్ కాలనీ కట్టుకున్నారు. వాళ్లకు గోష్త్ ఫికర్ లేదు, బఘారా బైంగన్‌కు తగిన వంకాయ దొరకడమే ఫికర్. రెండో లహర్ 1973 తర్వాత, తేల్ ధరలు పెరిగి ఖలీజ్ దేశాలకు మజ్దూర్లు కావలసి వచ్చినప్పుడు. ఈ లహర్‌కు దర్వాజా నాంపల్లి. 1907లో కట్టిన స్టేషన్ చుట్టూ ఉన్న గల్లీల్లో ఇప్పటికీ ట్రావెల్ దఫ్తర్లు, మెడికల్ టెస్టుల బోర్డులు, ఫోటో స్టూడియోలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. బంబయి రైలెక్కి అక్కడి నుంచి విమానం పట్టిన రోజులవి. 1983 ఎమిగ్రేషన్ చట్టం వచ్చాక మెట్రిక్ పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర పడింది. వాళ్లు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఇజాజత్ లేకుండా కదలలేరు. ఆ దఫ్తర్ చాలా ఏళ్లు నాంపల్లిలోని గృహకల్పలో నడిచింది. చేతిలో ఫైలు, పక్కన ఏజెంటు, కళ్లలో భయం. ఆ లైన్లో మా మామూ కూడా నిలబడ్డాడు.

వెళ్లేటప్పుడు నానీమా పెట్టెలో పెట్టింది ఏమిటో తెలుసా? సూఖా గోష్త్. ఉప్పు, పసుపు పట్టించి, పొడుగ్గా కోసి, మిద్దె మీద తాడుకు బట్టల్లా ఆరేసి ఎండబెట్టింది. మా తెలుగు దోస్తుల ఇళ్లలో దాన్ని తునకలంటారు. దాంతో దమ్మామ్‌లో నెల గడిచిందట. తర్వాత ఫ్రీజర్ జమానా మొదలైంది.

ఆ ఫ్రీజర్‌లోని గోష్త్ ఎక్కడి నుంచి వచ్చేదన్నది నాకు అఖ్బార్ నౌకరీలో చేరాకే తెలిసింది. నాంపల్లి నుంచి బంబయి రోడ్డు పట్టుకుని పటాన్‌చెరు దాటి వెళ్తే రుద్రారం వస్తుంది. అప్పటి మెదక్ జిల్లా. అక్కడ అల్ కబీర్ అనే ఎగుమతి కమేళా వెలిసింది. 1990లంతా దాని మీద పెద్ద ఉద్యమం నడిచింది. పశుసంపద ఖతమైపోతుందని ఒకరు, ఊరి నీళ్లు పాడవుతాయని ఒకరు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2006లో తీర్పు వచ్చింది, కమేళా మూతపడలేదు. ఊరి నీళ్ల గురించి అడిగినవాళ్ల సవాల్ జాయెజే, దాన్ని కొట్టిపారేయను. కానీ నన్ను పట్టుకున్న విషయం వేరు. తెలంగాణ పల్లెల్లో పాలిచ్చి వట్టిపోయిన బర్రె రుద్రారంలో కోతపడి, గడ్డకట్టి, అట్టపెట్టెలో సముందర్ దాటి ఖలీజ్ చేరేది. అదే తెలంగాణ నుంచి అక్కడికి చేరిన మజ్దూర్, ఫ్రీజర్ తలుపు తెరిచి అందులో సస్తా ప్యాకెట్ కోసం చెయ్యి పెట్టేవాడు. ఇద్దరూ ఒకే రోడ్డు మీదుగా వెళ్లినవాళ్లే. మామూకు మాత్రం అది మన బర్రే అన్న ఖబర్ లేదు. ఆ మజా లేదని చిట్ఠీలు రాస్తూనే ఉన్నాడు.

మజా ఎందుకు లేదు? దీనికి జవాబు హడ్డీలో ఉంది. హిందుస్తాన్ నుంచి బర్రె గోష్త్ హడ్డీ లేకుండానే ఎగుమతి కావాలన్నది నియమం. ఆవు గోష్త్ అసలే పంపకూడదు. హడ్డీ ఎందుకు వద్దంటే గాలికుంటు. మన పశువుల్లో ఈ రోగం ఉంది. కోసిన గోష్త్‌ను ఒక రోజు చల్లగా ఉంచితే అందులో పులుపు పెరిగి ఆ వైరస్ చచ్చిపోతుంది. కానీ ఎముక లోపలి గూదాలో, గ్రంథుల్లో అది బతికే ఉండొచ్చు. అందుకని గ్రంథులు తీసేసి, హడ్డీ తీసేసి, వట్టి కండ పంపుతారు. నల్లీ లేదు, పాయా లేదు, పస్లీ లేదు. మన వంటలో రుచి దిగేది వాటిలోంచే. నహారీ, మర్గ్, దాల్చా, అన్నిటికీ హడ్డీ కావాలి. గోష్త్ దమ్మామ్ వెళ్లింది, హడ్డీ నాంపల్లిలో ఉండిపోయింది. నానీమా ఇక్కడ నల్లీ గిన్నెలోకి కొట్టి మాకు పంచుతూ ఎందుకు ఏడ్చేదో ఈ లెక్క తెలిశాక కొంత సమఝ్ అయింది.

ఇక రియాద్ తమ్ముడికి జవాబు. తీసుకో మియా, బేఫికర్‌గా తీసుకో. ప్యాకెట్ మీద కట్ పేరు చదువు. షిన్, షాంక్ అని ఉంటే అది మన బోంగ్. నరాలు, జిగురు ఉంటాయి, నెమ్మదిగా ఉడికితే షోర్బా చిక్కబడుతుంది. నహారీకి దానికంటే మంచిది లేదు, ధర కూడా తక్కువే. టాప్‌సైడ్, సిల్వర్‌సైడ్ అంటే రాన్, కీమాకు, పసందేకు బాగుంటాయి. టెండర్లాయిన్ మన అండర్‌కట్, జీతం వచ్చిన రోజు చూద్దువు. బర్రె గోష్త్ రంగు ముదురుగా ఉంటుంది, దాన్ని పాతదనుకోకు. చర్బీ తెల్లగా ఉంటే బర్రె, పసుపుగా ఉంటే ఆవు. ప్యాకెట్ లోపల మంచు పలుకులు గుట్టగా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, వదిలెయ్. రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టుకో, వేడి నీళ్లలో పడెయ్యకు. హడ్డీ మాత్రం తాజా గోష్త్ అమ్మే దుకాణంలో విడిగా అడిగి తెచ్చుకో. ఒక ముచ్చట, ఆస్ట్రేలియా, బ్రెజిల్ ఆవు గోష్త్ తెస్తే అమ్మీ చెప్పిన సీటీలు లెక్కపెట్టకు. అది లేత జానవర్, ఎనిమిది సీటీలకు హలీమ్ అయిపోతుంది.

అమెరికా వెళ్లినవాళ్ల కష్టం ఇంకో రకం. గాలికుంటు భయంతో మన గోష్త్‌ను అక్కడికి రానివ్వరు. షికాగో డెవాన్ వీధిలో జబీహా దుకాణాలకు కరువు లేదు, కానీ దొరికేది ఆవు. బఫెలో అని రాసి ఉందని ఖుషీగా కొన్న నా క్లాస్‌మేట్ ఇంటికెళ్లి చూస్తే అది బైసన్, అక్కడి అడవి దున్న. ధర చూసి వాడికి వారం నిద్ర పట్టలేదట. అక్కడ బీఫ్ అంటే ఇజ్జత్ గల తిండి, తెల్ల దొర స్టేక్. ఇక్కడ డబ్బాలో పెట్టుకుని దఫ్తర్‌లో మూత తీయాలంటే అటూ ఇటూ చూసే వాడు, అక్కడ రెస్టారెంట్‌లో గట్టిగా ఆర్డరిస్తాడు.

2014-15లో ఈ ముల్క్ నుంచి 478 కోట్ల డాలర్ల బర్రె గోష్త్ బయటికి పోయింది, బాస్మతి బియ్యం కంటే ఎక్కువ. ఆ లెక్క చెప్పేటప్పుడు ఏ ప్రభుత్వమూ సిగ్గుపడలేదు. 2017 మే నెలలో మాత్రం పశువుల సంతల్లో కోతకు జానవర్‌ను అమ్మొద్దని కేంద్రం నియమాలు తెచ్చింది, బర్రెను కూడా కలిపింది. జులైలో సుప్రీంకోర్టు దేశమంతటా ఆపేదాకా మా గల్లీ ఖురేషీ దుకాణం సగం రోజులు షట్టర్ దించే ఉంది. వట్టిపోయిన బర్రెను ఏం చేసుకోవాలో తెలియక రైతు కూడా అంతే పరేషాన్ అయ్యాడు. దుకాణం మూసిన రోజు మొహల్లాలో దాల్ వండుకున్నారు. పర్దేస్‌లో సస్తా బడేకా దొరకడం కష్టమని మామూ రాసేవాడు, ఆ రెండు నెలలు దేస్‌లోనే దొరకలేదు.

మామూ వాపస్ వచ్చి పన్నెండేళ్లయింది. మోకాళ్లు అరిగాయి, డాక్టర్ బడేకా మానెయ్యమన్నాడు. జుమ్మా రోజు మాత్రం ఫజర్ నమాజ్ కాగానే చార్‌కోనీ నాన్ తెచ్చుకుని నహారీ ముందు కూర్చుంటాడు. నిన్న రియాద్ నుంచి తమ్ముడు ఫోటో పంపాడు. పెద్ద గిన్నెలో ఎర్రని షోర్బా, మధ్యలో నల్లీ. మామూ ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూశాడు.

"గోష్త్ మనదేనా?"

"మనదే అంట మామూ, ఫ్రీజర్ది."

"మరి నల్లీ?"

"ఆస్ట్రేలియాది."

మామూ ఫోన్ తిరిగిచ్చి, తన ప్లేట్‌లోని నల్లీని ఎత్తి నాన్ మీద రెండుసార్లు కొట్టాడు.