సలీనాస్ లోయలో పదెకరాల కల

1937లో వెలువడిన జాన్ స్టైన్‌బెక్ నవలిక ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ను ఇద్దరు స్నేహితుల విషాదగాథగా చదవడమే పరిపాటి అయినా, జార్జ్, లెనీ కలిసి తిరగడం తోటి కూలీలకు ఎందుకంత వింతగా తోచిందో తెలియాలంటే కాలిఫోర్నియా నేల చరిత్రలోకి వెళ్ళక తప్పదు. మెక్సికో పాలనలో వేల ఎకరాల చొప్పున కొద్దిమందికి దక్కిన భూములు, 1848లో ఆ ప్రాంతం అమెరికా వశమైన తరువాత కూడా చాలాచోట్ల చిన్న రైతులకు అందకుండా పెద్ద కమతాలుగానే చేతులు మారాయి. సాగుదారుకు 160 ఎకరాల ప్రభుత్వ భూమిని నామమాత్రపు రుసుముకు ఇచ్చే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం సైతం ఈ స్థితిని మార్చలేకపోయింది. ఆ విశాలమైన గోధుమ, బార్లీ పొలాలకు కోతల కాలంలో వందలాది చేతులు కావాలి. నూర్పిడి ముగిశాక వాటితో పని లేదు.

ఆ అవసరంలోంచే దుప్పటి మూట భుజాన వేసుకొని పని వెతుక్కుంటూ తిరిగే ఒంటరి కూలీ, అక్కడి వాడుకలో ‘బిండిల్‌స్టిఫ్’, పుట్టుకొచ్చాడు. పట్టణాల్లోని ఏజెన్సీలు పని చీటీ ఇచ్చి పంపితే, కూలీలంతా కలిసి పడుకునే బంక్‌హౌస్ అనే పొడవాటి కొట్టంలో అతనికి ఒక మంచం దొరికేది. జీతం చేతికి రాగానే సాగిపోయే ఈ బతుకులో ఆలుబిడ్డలకే కాదు, తోడు నడిచే స్నేహితుడికి కూడా చోటు దొరకడం కష్టం. 1920లలో స్ప్రెకెల్స్ చక్కెర కంపెనీ పొలాల్లో స్వయంగా పనిచేసిన స్టైన్‌బెక్‌కు ఈ మనుషులు బాగా తెలుసు.

వారిని విడదీసినది దారి మాత్రమే కాదు. 1882 చట్టం చైనా కూలీల రాకను ఆపగా, తరువాత వచ్చిన జపనీయులకు 1913 చట్టం కాలిఫోర్నియాలో భూమి కొనే హక్కు లేకుండా చేసింది. ఆ దెబ్బ పంజాబ్ నుంచి వెళ్ళిన సాగుదారుల మీద కూడా పడింది. 1930 జనవరిలో సలీనాస్‌కు చేరువలోని వాట్సన్‌విల్‌లో ఫిలిపినో కూలీలపై శ్వేతజాతి గుంపులు దాడి చేసి ఒకరిని కాల్చి చంపాయి. నవలికలో ఈ ఆసియా కూలీలెవరూ కనిపించరు. అది దాని పరిమితి అని ఒప్పుకోవలసిందే. వివక్ష భారమంతా గుర్రపు సాల పక్క గదిలో విడిగా బతికే నల్లజాతి పనివాడు క్రుక్స్ మీదే పడింది. అతని పుస్తకాల్లో 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ ఒకటి. బంక్‌హౌస్‌లో అడుగుపెట్టే వీలు లేని మనిషి తన హక్కుల గ్రంథాన్ని అరిగేదాకా చదువుకున్నాడన్న వివరం కథలోకెల్లా పదునైనది. జార్జ్ కలగన్నది పదెకరాలు. క్రుక్స్ తండ్రికి ఒకప్పుడు ఉన్న కోళ్ళ క్షేత్రమూ దాదాపు అంతే.

ఆ పదెకరాల వెల 600 డాలర్లు, కూలీ జీతం నెలకు 50. ఏ ఖర్చూ లేకుండా ఏడాది కూడబెడితే సరిపోయే సొమ్మే అయినా, పని నెలల తరబడి నిలవని చోట ఆ లెక్క కుదరదు. కల చేతికందేలా కనిపించినది ముసలి కాండీ డబ్బు కలిసినప్పుడే. అందులో 250 డాలర్లు యంత్రంలో పోయిన చేతికి దక్కిన పరిహారం. యజమానులతో సంఘటితంగా బేరమాడే హక్కును కార్మికులకు ఇచ్చిన 1935 జాతీయ చట్టం వ్యవసాయ కూలీలను మినహాయించింది కనుక, నవలిక అచ్చయిన నాటికి కూడా కాండీ వంటి వారికి ఆ రక్షణ లేదు.