చీపురు పనికి యజమాని ఎవరు?

కాంట్రాక్టు కార్మికుల చట్టం చరిత్ర తెలుసుకోవాలంటే గనుల్లోకి, కొలుముల దగ్గరికి వెళ్లక్కర్లేదు. చీపురు వెంట నడిస్తే చాలు. ఈ విషయంలో చెప్పుకోదగ్గ కేసులు చాలావరకు ఊడ్చేవాళ్లవీ తుడిచేవాళ్లవీ.

1960లో సుప్రీంకోర్టు తేల్చిన స్టాండర్డ్ వాక్యూమ్ కేసు బొంబాయి చమురు శుద్ధి కర్మాగారంలో శుభ్రం చేసే పని గురించే. ఆ పని ఏడాది పొడుగునా ఉంటుందా? పూర్తికాలం మనుషులు అవసరమయ్యేంత ఉందా? అలాంటి సంస్థలు దాన్ని సొంత మనుషులతో చేయించుకుంటున్నాయా? కోర్టు చూసిన ఈ సంగతులే పదేళ్లకు 1970 చట్టంలో పదో సెక్షన్ అయ్యాయి. చట్టం పేరులో నియంత్రణ, నిర్మూలన అని రెండు మాటలున్నాయి. ఆచరణలో మొదటిదానికే పని దొరికింది.

1976 డిసెంబరు 9న మాత్రం కేంద్రం ధైర్యం చేసింది. తన పరిధిలోని సంస్థల భవనాలను ఊడ్చడానికి, శుభ్రం చేయడానికి, దుమ్ము దులపడానికి, కాపలాకు కాంట్రాక్టు మనుషులను పెట్టకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది.

ప్రభుత్వమే పని చేయించుకునే చోట ఏం జరిగేదో 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల దగ్గర బయటపడింది. కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్ ఆ డబ్బు కూలీలను తెచ్చే జమాదారు చేతిలో పెట్టేవాడు. జమాదారు తన కమీషన్ రూపాయి పట్టుకుని కూలీకి 8 రూపాయల పావలా ఇచ్చేవాడు. కనీస వేతనం దక్కకుండా చేయించుకునే చాకిరీ రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యలో కాంట్రాక్టర్ ఉన్నాడని ప్రభుత్వం చేతులు దులుపుకోలేదని కూడా ఆ తీర్పు తేల్చింది.

మళ్లీ చీపురు దగ్గరికి వద్దాం. ఎయిర్ ఇండియాలో ఊడ్చే కార్మికులు ఆ 1976 నోటిఫికేషన్ పట్టుకునే కోర్టుకెక్కారు. కాంట్రాక్టును నిషేధించాక ఆ పనిచేసేవాళ్లు ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే సంస్థ, ఉద్యోగులైపోతారని 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. అయిదేళ్లయినా గడవకముందే, 2001 ఆగస్టు 30న, స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ కూడా అదే హైకోర్టు నుంచి వెళ్లినవారే. నిషేధించినంత మాత్రాన ఉద్యోగం రాదు, ఆ చట్టంలో అలా రాసిలేదు అన్నారు. ఒక్కో సంస్థను విడిగా పరిశీలించకుండా గంపగుత్తగా ఇచ్చారంటూ నోటిఫికేషన్‌నూ రద్దు చేశారు. కాంట్రాక్టు ఉత్తి ముసుగని నిరూపించుకోగలిగితే మాత్రం దారి ఉంది. నెల జీతం కోసమే ఎదురుచూసేవాళ్లు ఏళ్లకేళ్లు ట్రిబ్యునల్ చుట్టూ తిరిగి నిరూపించుకోవాలి!

2003లో ఆంధ్రప్రదేశ్ ఈ చట్టానికి సొంత సవరణ తెచ్చింది. సంస్థ ఏ పని కోసం పుట్టిందో అది ‘కీలక కార్యకలాపం’, అందులో కాంట్రాక్టు కూడదు అంది. వినడానికి బాగానే ఉంది. పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, తోటపని, సరుకు ఎత్తడం, దించడం కీలకం కాని పనుల జాబితాలో చేరాయి. 1976లో నిషేధించిన ఊడ్పు, శుభ్రత, దుమ్ము దులపడం అనే ఆ మూడు మాటలే ఇప్పుడు మినహాయింపుల్లో కనిపిస్తాయి. నిషేధంలోంచి అనుమతిలోకి రావడానికి చీపురుకు పాతికేళ్లు పైచిలుకు పట్టింది.

మన రాష్ట్రం వేసిన బాటే దేశానికి దారైంది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కీలక కార్యకలాపం అన్న ఊహనూ, దాదాపు అదే జాబితానూ తీసుకుంది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే వర్తించే నిబంధనలు ఇప్పుడు 50 మంది ఉంటేనే. ఆ లెక్కన చిన్న కాంట్రాక్టర్లు జారిపోతారు. అయితే సంస్థ ఆ పని కోసమే ఏర్పడి ఉంటే మినహాయింపు చెల్లదని కోడ్‌లోనే ఉంది. మరి మున్సిపాలిటీ ఏర్పడింది దేనికి? ఊరు శుభ్రంగా ఉంచడానికి కాదా? ఈ ప్రశ్న కోర్టులకు తప్పదు.

ఈలోగా గాలి కాస్త మళ్లింది. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ల తరబడి ఊడ్చి, తోట చూసుకుని, 2018లో ఉద్వాసనకు గురైనవాళ్లను పర్మనెంట్ చేయమని 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. వాళ్లు నేరుగా పెట్టుకున్న తాత్కాలిక సిబ్బంది. ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లకు ఆ తీర్పు అంత సులువుగా అందదు.

ఒక్కటి మాత్రం 1970 నుంచి మారలేదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి. కొత్త కోడ్‌లోనూ ఉంది. మీ ఆఫీసు ఊడ్చే ఆమెకు బిల్లు పాస్ కాలేదని జీతం ఆపితే, ఈ సంగతి ఆమెకు చెప్పండి.