రుమాలు నుంచి చీర దాకా

పోచంపల్లి చీర తాతముత్తాతల నాటిదని చాలామంది అనుకుంటారు. మా తాత మాత్రం చీర నేయలేదు, రుమాలు నేశాడు. నూలుకు ముడులు కట్టి రంగు అద్దే చిటికి పని, అంటే ఇక్కత్, 1915 ప్రాంతంలో చీరాల వైపు నుంచి మా నల్లగొండ పల్లెలకు వచ్చింది. నూలును ఆముదపు కాయల బూడిద నీళ్ళలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి తేలియా రుమాలు నేసేవాళ్ళు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. తలకు చలువని అరబ్బు దేశాల వాళ్ళు ఇష్టంగా కొనేవారు.

ఆ గిరాకీ పడిపోయినా మా వాళ్ళు మగ్గం దిగలేదు. రుమాలు మీది గడులనే చీర మీదికి ఎక్కించారు. కమలాదేవి ఛటోపాధ్యాయ నడిపిన అఖిల భారత హస్తకళల బోర్డు అప్పట్లో వెన్నుతట్టింది. 1960ల తర్వాత పట్టు వచ్చింది, ఆనక దుప్పట్లు, డ్రెస్ మెటీరియల్. బజారు మారినప్పుడల్లా బట్ట మారింది, కట్టు మారలేదు.

మరి ఖర్చులు పెరిగితే? ఇది ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. మా ఇళ్ళలో ఖర్చు తగ్గించడమంటే ఆడవాళ్ళ పనికి కూలి కట్టకపోవడమే. చీరకు కూలి మగ్గం మీద కూర్చున్న మనిషి పేరున వచ్చేది. ఆడవాళ్ళు కండెలు చుట్టడం, నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోయడం ఆ కూలిలోనే కలిసిపోయేవి. ఒక్క పట్టుచీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. మా అమ్మ కుడి భుజం పైకి లేచేది కాదు, తల దువ్వుకోవడానికి నన్ను పిలిచేది. ఆలేరు దగ్గరి శారాజిపేటలో చింతకింది మల్లేశం తన తల్లి పడే ఇదే బాధ చూసి, 1999లో ఆసు యంత్రం చేశారు. మా భుజాలకు అంత మేలు ఏ పథకమూ చేయలేదు.

చట్టాలూ వచ్చాయి. 1985 నాటి చట్టం 22 రకాల బట్టలను చేనేతకే కేటాయించింది. తర్వాత అవి 11కు కుదించుకుపోయాయి. 2005 నాటికి పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2017లో జీఎస్టీ వచ్చి నూలు మీద 5 శాతం పన్ను పడింది.

ఇప్పటి పోటీ వేరు. మా డిజైన్‌ను పాలిస్టర్ మీద అచ్చు వేసి అమ్ముతున్నారు. పోచంపల్లి పేరు వాడితే కేసు పెట్టొచ్చు. ‘ఇక్కత్ ప్రింట్’ అని అమ్మితే ఎవరిని పట్టుకోవాలి? మేం కొత్త డిజైన్ దించితే దానికీ అచ్చు వస్తుంది. బట్ట మార్చి బతికే దారి ఇక్కడ మూసుకుపోయింది. ఇంట్లో ఆడవాళ్ళ చేతుల్ని ఇంకా అరగదీసి గెలిచే పోటీ కాదిది, అలా గెలవాలని నేను కోరుకోను కూడా. అచ్చు చీర మీద అచ్చు అనే రాసి అమ్మాలి, అధికారులు దుకాణాల్లోకి వెళ్ళి చూడాలి. కొనేవాళ్ళు చీరను ఒక్కసారి తిరగేసి చూడాలి: మా చీరకు రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది, పువ్వు అంచు కాస్త చెదిరి ఉంటుంది.