వ్యాపార కంప్యూటర్ల పర్యావరణ భారం: కొలతల చరిత్ర

వ్యాపార సంస్థల కంప్యూటర్లు, సర్వర్లు, నెట్‌వర్కుల వల్ల పర్యావరణంపై పడే భారాన్ని లెక్కగట్టే పని ఆఫీసు బల్ల దగ్గర మొదలైంది. 1992లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ‘ఎనర్జీ స్టార్’ ముద్రను ప్రవేశపెట్టింది. దాని పరిధిలోకి వచ్చిన తొలి వస్తువులు కంప్యూటర్లు, మానిటర్లే. పని లేనప్పుడు తనంతట తానే కరెంటు వాడకం తగ్గించుకునే యంత్రానికి ఆ ముద్ర దక్కేది. ఫెడరల్ కార్యాలయాలు అలాంటి యంత్రాలే కొనాలని మరుసటి ఏడాది అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వు ఇవ్వడంతో తయారీదారులకు అది తప్పనిసరి లాంటిదైంది. ప్లగ్గు దగ్గర ఎంత కరెంటు కాలుతోంది అన్నదే అప్పటి లెక్క.

ఆ లెక్క కూడా ఎంత గందరగోళంగా ఉండేదో 1999లో బయటపడింది. ఇంటర్నెట్ ఒక్కటే అమెరికా విద్యుత్తులో 8 శాతం వాడేస్తోందని, బొగ్గు ఇంకా తవ్వక తప్పదని ఫోర్బ్స్ పత్రికలో పీటర్ హ్యూబర్, మార్క్ మిల్స్ రాశారు. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో జొనాథన్ కూమీ, ఆయన సహచరులు పరికరాల సంఖ్య, ఒక్కోదాని వాడకం, అది పనిచేసే గంటలు విడివిడిగా లెక్కవేశారు. ఆఫీసు, నెట్‌వర్కు పరికరాలన్నీ కలిపినా 2 శాతం దగ్గరే తేలింది. ఈ రంగంలో నమ్మదగిన లెక్కకు ఆ ఓపికే పునాది వేసింది.

ఇంతలో దృష్టి ఫ్యాక్టరీ వైపు మళ్లింది. 2 గ్రాముల మెమరీ చిప్పు తయారీకి, వాడకానికి కలిపి 1.6 కిలోల శిలాజ ఇంధనం, 72 గ్రాముల రసాయనాలు, 32 కిలోల నీరు కావాలని 2002లో ఎరిక్ విలియమ్స్ బృందం లెక్క తేల్చింది. ఒక డెస్క్‌టాప్, దాని మానిటరు తయారీకి 240 కిలోల ఇంధనం, టన్నున్నర నీరు పడతాయని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం అధ్యయనం చెప్పింది. కొత్త యంత్రం ఎంత పొదుపైనదైనా, పాతదాన్ని మరికొన్నేళ్లు వాడటమే చాలా సందర్భాల్లో మేలన్న నిజం ఈ అంకెల నుంచే వచ్చింది. కొనుగోళ్లు చూసే అధికారులు నేటికీ దాన్ని పట్టించుకోవలసినంతగా పట్టించుకోవడం లేదు.

ఈ ఖర్చులను ఏ సంస్థ ఖాతాలో రాయాలన్న ప్రశ్నకు 2001లో వచ్చిన ‘గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్’ ఒక పద్ధతి చూపింది, ఉద్గారాలను మూడు పరిధులుగా విడదీసింది. సంస్థ సొంత జనరేటర్లలో కాలే డీజిల్ మొదటి పరిధి, కొనుక్కునే కరెంటు రెండోది. కొన్న లాప్‌టాప్‌ల తయారీ, ఉద్యోగుల ప్రయాణం వంటివి మూడోది. ఈ మూడో పరిధికి వివరమైన ప్రమాణం 2011లో గానీ రాలేదు. అందువల్ల ఒక చిక్కు ఏర్పడింది. సొంత సర్వర్ గది మూసేసి క్లౌడ్‌కు మారిన కంపెనీ రెండో పరిధి లెక్క అమాంతం తగ్గుతుంది. కానీ ఆ కరెంటు ఆగిపోదు, ఇంకొకరి మీటరు మీద తిరుగుతుంది. మూడో పరిధిని నిజాయితీగా నింపితేనే అది మళ్లీ కనిపిస్తుంది.

డేటా సెంటర్లు 2006లో అమెరికాలో 6,100 కోట్ల యూనిట్లు, అంటే దేశ విద్యుత్తులో 1.5 శాతం, వాడాయని ఆ దేశ పర్యావరణ సంస్థ మరుసటి ఏడాది కాంగ్రెస్‌కు నివేదించింది. ఆ రోజుల్లోనే క్రిస్టియన్ బెలాడీ, క్రిస్ మలోన్ ఒక సులువైన నిష్పత్తిని ముందుకు తెచ్చారు. కేంద్రం మొత్తం వాడే కరెంటును కంప్యూటర్లకు చేరే కరెంటుతో భాగించాలి. జవాబు 2 వస్తే, కంప్యూటర్లకు ఒక యూనిట్ ఖర్చయిన చోట ఏసీలకు, ఇతర ఏర్పాట్లకు మరో యూనిట్ పోతున్నట్టు. ‘గ్రీన్ గ్రిడ్’ కూటమి దీన్ని ‘పీయూఈ’ పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. 2016లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ సర్వేల ప్రకారం 2007లో 2.5గా ఉన్న సగటు తర్వాతి కాలంలో 1.6 దగ్గరికి దిగింది. ఒక్క కొలమానం ఇంత మార్పుకు తోడ్పడటం అరుదు.

అయితే పీయూఈ చెప్పనిది చాలా ఉంది. ఏ పనీ చేయకుండా నడుస్తున్న సర్వరు కూడా దాని దృష్టిలో ‘ఉపయోగమే’. అలాంటి సర్వర్లను ఆపేస్తే మొత్తం కరెంటు తగ్గినా నిష్పత్తి పాడవవచ్చు. నీటిని ఆవిరి చేసి గదిని చల్లబరిస్తే పీయూఈ బాగుపడుతుంది, ఆ మేరకు నీరు ఖర్చవుతుంది. అందుకే 2011లో యూనిట్ కరెంటుకు ఎన్ని లీటర్ల నీరు అన్న కొలతను గ్రీన్ గ్రిడ్ విడిగా చేర్చింది. ఎండలు మండే, తాగునీటికే కటకటపడే ఊళ్లకు ఈ రెండో అంకే ముఖ్యం.

2010 నుంచి 2018 వరకు ప్రపంచ డేటా సెంటర్ల పని ఆరున్నర రెట్లయినా, కరెంటు వాడకం 6 శాతమే పెరిగి 20,500 కోట్ల యూనిట్లకు చేరిందని 2020లో ఎరిక్ మసానెట్ బృందం చూపింది. కృత్రిమ మేధ ఆ ఊరటను చెరిపేసింది. 2024లో వాడకం సుమారు 41,500 కోట్ల యూనిట్లని, 2030 నాటికి 94,500 కోట్లకు చేరవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. హరిత విద్యుత్ ఒప్పందాలను బట్టి ఒక లెక్క, స్థానిక గ్రిడ్‌ను బట్టి మరో లెక్క చూపాలని 2015 నుంచి ప్రోటోకాల్ కోరుతోంది. బొగ్గు మీద నడిచే గ్రిడ్‌లో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ.

భారతదేశంలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022–23 నుంచి మార్కెట్ విలువలో ముందున్న 1,000 లిస్టెడ్ కంపెనీలకు పర్యావరణ, సామాజిక అంశాల నివేదికను తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌లో పనిచేసే పలు పెద్ద ఐటీ కంపెనీలు దీని కిందికి వస్తాయి. మొదటి రెండు పరిధుల ఉద్గారాలు, నీరు, ఈ-వ్యర్థాలు అందులో ఉండాలి. మూడో పరిధి మాత్రం ఐచ్ఛికం. యూరోపియన్ యూనియన్ 500 కిలోవాట్లు, అంతకు మించిన డేటా సెంటర్లు కేంద్రాల వారీగా వివరాలివ్వాలని 2023లో చట్టం చేసింది. సెబీ నిబంధన మాత్రం లిస్టెడ్ కంపెనీలకే పరిమితం. విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి కేంద్రాన్ని 2025 అక్టోబరులో ప్రకటించిన గూగుల్ మాతృసంస్థ భారత స్టాక్ ఎక్స్చేంజీల్లో లిస్ట్ కాలేదు కాబట్టి ఆ నిబంధన దానికి వర్తించదు.